చెరువులో విమానాశ్రయం

మానవుడు నేలమీద పుట్టి, నేలమీద తిరిగి, తుదకు ఆ నేలలోనే కలిసిపోయే ప్రాణి. అయినప్పటికీ అతని చూపు అనాదిగా ఆకాశం మీదనే నిలిచి ఉన్నది. కవి చంద్రుని కోసం చూస్తాడు. శాస్త్రజ్ఞుడు నక్షత్రాల కోసం చూస్తాడు. మా అనంతపురం వాసులు మబ్బు కోసం చూస్తారు. మా ఇళ్ళలో ఏడాదికి రెండు మూడు పర్యాయాలు మిద్దెలెక్కి నెలవంక కోసం చూచుట ఉన్నది. అది కనిపించగానే ఆ చూపు ముగుస్తుంది. మబ్బు కోసం చూచే చూపునకు మాత్రం ముగింపు లేదు.

పడమటి కనుమలు అడ్డు నిలిచినందువల్ల నైరుతి ఋతుపవనాల తడి చాలవరకు ఆవలి వైపుననే కురిసిపోతుంది. ఈవలికి చేరేది గాలి. ఈ సీమ సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు వచ్చునన్న భరోసా లేదు. గాలికి మాత్రం కొదవ లేదు. ఆషాఢ శ్రావణాలలో పడమటి నుండి వీచే ఆ గాలికి చేలలోని ఎర్రమట్టి లేచి గుమ్మాల దాకా వస్తుంది. 1990 దశకంలో రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయుట ఆరంభించిన నాటి నుండి, మబ్బును తరిమిన గాలియే ఇంట దీపమై వెలుగుతున్నదని మాలో మేము చమత్కరించుకొనుట పరిపాటి అయింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఆ రామగిరి శ్రీసత్యసాయి జిల్లాలోనికి వెళ్ళింది. గాలికి జిల్లాల సరిహద్దులతో నిమిత్తం లేదు గనుక అది యథాప్రకారం వీస్తూనే ఉన్నది.

ఇట్టి గాలిలో చిన్న చిన్న విమానాలు ఎగురవేయుట మా కళాశాలలో కొందరికి ఆదివారపు అలవాటు. భౌతికశాస్త్రం వారు చేస్తే అది ప్రయోగమని లోకం సరిపెట్టుకొంటుంది. తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికే మావంటివారికి అందులో ఏమి పని అని మిత్రులు తరచుగా అడుగుతుంటారు. ఈ వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం కోరినప్పుడు, ప్రబంధ నాయికల వర్ణనలను మరొకసారి తిరగవ్రాయుటకన్న ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకొనుటే మేలని తోచింది.

నిజానికి మాకు విమానం మీద మక్కువ సాహిత్యం వల్లనే కలిగింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో పింగళి సూరన కళాపూర్ణోదయం మాకు పాఠ్యగ్రంథం. రంభానలకూబరులు విమానమెక్కి ఆకాశమార్గాన పోతుండగా క్రింద ఉద్యానంలో ఉన్న కలభాషిణి తలయెత్తి చూచే ఘట్టంతో ఆ కథ ఊపందుకొంటుంది. ఆ ఘట్టం చదివినప్పుడెల్లా మా మనస్సు విమానంలోనివారి సరసన గాక, క్రింద నిలిచి తలయెత్తి చూచేవారి సరసనే నిలిచేది. విమానం ఎక్కగలిగిన వంశం కాదు మాది. కాని చూచుటకు రుసుము లేదు గదా!

2018 ఆరంభంలో మా భౌతికశాస్త్ర మిత్రులు ఒక పెట్టె తెచ్చి స్టాఫ్ రూములో బల్లమీద పరచినప్పుడు కథ మొదలైంది. అందులో బొటనవ్రేలంత మోటారు, దాని వేగాన్ని అదుపుచేసే ఒక చిన్న పలక, తొమ్మిదేసి గ్రాముల బరువున్న నాలుగు సర్వో యంత్రాలు, ఒక లిథియం బ్యాటరీ, చేతిలో పట్టుకొని నడిపే ఆరు ఛానళ్ళ ట్రాన్స్‌మిటరు ఉన్నవి. ధర సుమారు ఎనిమిది వేల రూపాయలు. అధ్యాపకులము కొంత, విద్యార్థులు తలా రెండు వందలు వేసుకొని కొన్నాము. చూడవచ్చిన పెద్దలొకరు, "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్లున్నది మీ సంబరం" అన్నారు. సామెత సందర్భోచితంగానే ఉన్నదని తెలుగు అధ్యాపకులుగా మేము ఒప్పుకోక తప్పలేదు.

మొదటి విమానం థర్మోకోలుతో చేశాము. దానిని అతికించుటకు మేము ఎంతో ఉత్సాహంతో త్వరగా పట్టే జిగురును తెచ్చి పోయగా, రెక్క మా కళ్ళ యెదుటనే చక్కెర పాకంవలె కరిగి కన్నమైపోయింది. థర్మోకోలు అనేక ద్రావకాలలో కరిగిపోవునన్న సంగతి అప్పుడు తెలిసింది. దానికి కొయ్యపనివారు వాడే తెల్లని ఫెవికాల్ చాలు. ఆరుటకు ఒక రాత్రి పడుతుంది, అంతే. రెండవ విమానానికి ఫ్లెక్సీ దుకాణాలలో వాడే సన్‌బోర్డు ముక్కలు తెచ్చుకొన్నాము. రెక్కకు వెన్నెముకగా వెదురు పుల్ల, తోకను కదిలించుటకు పాత సైకిలు చువ్వ, కీలుగా వెడల్పాటి టేపు. రెక్క ఈ కొస నుండి ఆ కొసకు ఒక మీటరు. బ్యాటరీతో కలిపి బరువు ముప్పాతిక కిలో.

ఆ రెక్కను గూర్చి ఒక మాట చెప్పవలసి ఉన్నది. పెద్ద విమానాల రెక్కకు ఉండే నునుపైన వంపు మావంటివారి చేతికి రాదు. బదులుగా అట్టమీద మరొక అట్టను సగం వెడల్పు మేరకు అతికించి ఒక మెట్టువలె వదిలేస్తాము. ఇది కాగితపు విమానాల నుండి పుట్టిన ఉపాయం. అమెరికాలో క్లైన్, ఫోగల్‌మన్ అను ఇరువురు దీనికి 1972లో పేటెంటు పొందినారు. మనుష్యులు ఎక్కే విమానాలకు అది పనికిరాదని పరీక్షలలో తేలింది. కాని చిన్న అట్ట విమానాలకు అంతకన్న సులభమైనది, బలమైనది మరొకటి లేదు. ఘనులు కాదన్నది అల్పులకు అక్కరకు వచ్చుట లోకంలో కొత్తగాదు.

మా విద్యార్థులు కొందరు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారు, కొందరు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు. తరగతిలో వారి బల్లలు వేరు వేరు వరుసలు. విమానం దగ్గర మాత్రం ఒకడు పంఖ్ అంటే మరొకడు రెక్క అందించేవాడు; ఒకడు తోక అంటే మరొకడు దుమ్ పట్టుకొనేవాడు. కొంతకాలానికి ఎవరిది ఏ మాటయో మరచి, కలగాపులగమైన ఒక భాషలో అందరూ ఒకరినొకరు గదమాయించుకొనుట చూచి, మా ఉర్దూ శాఖ మిత్రులు, మేము ఆనందించేవారము.

ఆ రోజులలోనే జరిగిన ఒక చిన్న సంఘటన మా మనస్సున నిలిచి ఉన్నది. మోటారును బిగించి ట్రాన్స్‌మిటరు మీట జరుపగా పంకా తిరిగింది గాని తిరోగమనంగా తిరిగింది. విమానం ముందుకు పోవుటకు బదులు వెనుకకు జరిగింది. భౌతికశాస్త్ర మిత్రులు పుస్తకం తెరిచారు. మేము చూస్తూ ఉన్నాము. వెనుక నిలుచున్న బి.ఎస్సీ. ప్రథమ సంవత్సరపు కుర్రవాడొకడు జంకుతూ ముందుకు వచ్చి, మోటారు నుండి వచ్చే మూడు తీగలలో రెండింటిని విప్పి, దీని స్థానంలో దానిని, దాని స్థానంలో దీనిని కలిపాడు. పంకా సరిగా తిరిగింది.

"నీకెట్లు తెలిసింది?" అన్నాము.

"మా బోరు మోటారు కూడా ఇంతే సార్. ఉల్టా తిరిగితే నీళ్ళు సరిగా ఎక్కవు. రెండు వైర్లు మార్చల్ల" అన్నాడు.

మూడు వందల అడుగుల లోతున నీటికై వెదకే యంత్రానికి, మూడు వందల అడుగుల ఎత్తున గాలిలో తిరిగే యంత్రానికి సూత్రం ఒక్కటే అన్న సత్యాన్ని ఆ దినం ఒక రైతుబిడ్డ మాకు బోధించాడు. అతని తండ్రి కౌలుకు తీసుకొన్న నేలలో వేరుసెనగ పండిస్తాడు. వారి ఇంట కళాశాల మెట్లెక్కిన మొదటివాడు అతడే. విమానం నడుపుటకు మేము ఎన్నుకొన్న ముగ్గురిలో అతనికి చోటు దక్కింది.

మరి విమానాశ్రయం? పట్టణానికి వెలుపల ఒక చెరువున్నది. పేరునకే చెరువు. ఆ వేసవికి అందులో చుక్క నీరు లేదు. అడుగున బంకమట్టి ఎండి పగుళ్ళువారి, చదునై, కట్ట నుండి కట్ట దాకా పరచుకొని ఉన్నది. అంచులలో కంపచెట్లు. తీగలు లేవు, ఇళ్ళు లేవు, జనం లేరు. వర్షాలు పడి ఉంటే అది మాకు దక్కేది కాదు. మా వినోదం కరవు పెట్టిన భిక్ష అన్న స్పృహ మాలో మొదటి దినం నుండి ముల్లువలె గుచ్చుతూనే ఉన్నది.

ఆదివారాలు ఫజర్ నమాజు ముగిసిన వెంటనే బయలుదేరేవారము. సూర్యోదయపు వేళ గాలి నిద్రలో ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కిన కొలదీ గాలి లేస్తుంది. తొమ్మిది దాటితే విమానాలను పెట్టెలో పెట్టవలసిందే. బ్యాటరీలకు విద్యుత్తు పట్టించుటకు తాడిపత్రి బండ ఒకటి తెచ్చుకొన్నాము; ఈ లిథియం బ్యాటరీలు పొరపాటున మండితే ఆర్పుట కష్టం గనుక వాటిని బండమీదనే ఉంచాలి, పక్కన ఇసుక బక్కెట ఉండాలి, మనిషి కదలరాదు.

ఎగురవేయుటకు ముందు రెక్క క్రింద రెండు వ్రేళ్ళు ఆనించి తూకం చూస్తారు. రెక్క వెడల్పులో ముందు అంచు నుండి సుమారు నాలుగవ వంతు దగ్గర విమానం సమంగా నిలవాలి. ముక్కు బరువైతే అది మొండికెత్తును గాని ఎగురుతుంది. తోక బరువైతే చేతి నుండి వదిలిన మరుక్షణమే తిరగబడుతుంది. ఎగిరిన తర్వాత అసలు చిక్కు మరొకటి. విమానం మన నుండి దూరంగా పోయేటప్పుడు దాని కుడియెడమలు మన కుడియెడమలే. అది మలుపు తిరిగి మనవైపు వచ్చేటప్పుడు మన కుడి దానికి ఎడమ అవుతుంది. కొత్తవారి విమానాలు పడిపోయేది చాలవరకు ఇక్కడే. దీనికి ఉపాయం ఒక్కటే. నేలమీద నిలిచి చూచుట మాని, విమానంలో కూర్చుని చూస్తున్నట్లు భావించాలి. ఈ మాటను విద్యార్థులకు మేము ఎన్ని పర్యాయాలు చెప్పామో లెక్కలేదు. చెప్పుట వేరు, తెలియుట వేరు అన్న సంగతి తర్వాత తెలిసింది.

ఒకనాటి సాయంత్రం మా ఉర్దూ శాఖ మిత్రులు విద్యార్థులకు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ వృత్తాంతం చెప్పారు. తొమ్మిదవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు కార్డోబా నగరంలో ఉండిన విద్వాంసుడాయన. ఒడలికి ఈకలు కట్టుకొని గాలిలో కొంత దూరం పోయాడనీ, దిగేటప్పుడు వెన్నుకు దెబ్బ తగిలిందనీ పదిహేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ వ్రాశాడు. నడుమ గడచినవి ఏడు శతాబ్దాలకు పైగానే గనుక ఇందులో ఎంత నిజమో, ఎంత అభిమానమో నిర్ణయించుట మా శక్తికి మించినది. చంద్రుని మీది ఒక బిలానికి ఆయన పేరు పెట్టారన్నప్పుడు విద్యార్థులు చప్పట్లు కొట్టారు. మాకు మాత్రం ఆ కథలో ఎగిరిన సంగతికన్న పడిన సంగతియే విలువైనదిగా తోచింది. ఏలనన ఆ చరిత్రకారుడు పడుటకు కారణం కూడా వ్రాశాడు: పక్షి దిగేటప్పుడు తోకను వాడుకొంటుంది, ఇతడు తోకను అమర్చుకొనుట మరచినాడు అని. అపజయానికి కారణం వెదకి వ్రాసిపెట్టిన జాతి ఎప్పటికైనా ఎగురగలదు. 1804లో ఇంగ్లండులో జార్జ్ కేలీ చేసిన చిన్న గ్లైడరుకు తోక ఉన్నది. 1871లో పారిస్ ఉద్యానంలో పెనో అను యువకుడు రబ్బరు త్రాటి మెలితో నడిపిన చిట్టి విమానానికి తోక ఉన్నది. అది 11 సెకండ్లలో 40 మీటర్లు ఎగిరింది. మనుష్యులు ఎక్కకముందే విమానం బొమ్మయై ఎగిరింది. బొమ్మ పడినా ఎవరి ప్రాణమూ పోలేదు గనుకనే మనుష్యులకు పడుట అంటే ఏమో నేర్చుకొనే వ్యవధి చిక్కింది.

ఇంత తెలిసిన మేము ఆ సంవత్సరం ఆగస్టు 15వ తేదీన చేసిన పని ఇక్కడ దాచక చెప్పవలసి ఉన్నది.

స్వాతంత్ర్య దినోత్సవం నాడు జెండా వందనం తర్వాత చెరువులో విమాన ప్రదర్శన ఏర్పాటు చేశాము. కొత్తగా చేసిన విమానానికి మూడు రంగులు పూశాము. ఎనిమిది గంటలకని నిర్ణయం. ఉపన్యాసాలు సాగినవి, అల్పాహారం సాగింది. అతిథులు చెరువు కట్ట చేరేసరికి పదకొండు అయింది. శ్రావణ మాసపు గాలి కట్టమీది గుడ్డలను ఎగరగొడుతున్నది. ట్రాన్స్‌మిటరు మా బోరు మోటారు కుర్రవాని చేతిలో ఉన్నది. అతడు గుప్పెడు దుమ్ము తీసి వదలి చూచాడు. దుమ్ము నేలకు చేరనే లేదు.

"సార్, గాలి జాస్తిగా ఉంది. ఇప్పుడు వద్దు సార్" అన్నాడు మెల్లగా.

మేము అతిథుల వైపు చూచాము. వారు గొడుగుల క్రింద నిలిచి గడియారాలు చూచుకొంటున్నారు. "ఒక్క చుట్టు తిప్పి దించు. చాలు" అన్నాము. అతడు మరి మాటాడలేదు. గురువుగారి మాటకు ఎదురాడుట మా విద్యార్థుల పెంపకంలో లేదు.

విమానం గాలికి ఎదురుగా లేచి చక్కగా పైకెక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. మలుపు తిరిగి గాలి వాలున రాగానే దాని పోకడ మారిపోయింది. విమానానికి తెలిసేది తన రెక్కల మీద పారే గాలి వేగం మాత్రమే. నేలమీద నిలుచున్నవాని కంటికి కనబడేది నేలతో పోల్చిన వేగం. వెనుకగాలిలో విమానం మితిమీరిన వేగంతో పోతున్నట్లు కనిపిస్తుంది. బెదరినవాడు దానిని తగ్గించజూస్తాడు. తగ్గిస్తే రెక్కకు చాలినంత గాలి లేక విమానం పట్టు తప్పుతుంది. అదే జరిగింది. ఒక రెక్క క్రిందకి వాలింది. మూడు రంగుల విమానం చెరువు కట్ట రాళ్ళకు కొట్టుకొని, ముక్కు నలిగి, రెక్క రెండుగా విరిగి పడింది.

అతిథులు మర్యాదస్తులు. "ఫరవాలేదు మాస్టారూ, ప్రయత్నం మంచిది" అని మమ్ము ఓదార్చి వెళ్ళారు. సహాధ్యాపకులు ఓదార్చారు. మేము అందరి ఓదార్పులనూ తలవంచి స్వీకరించాము. ఆ కుర్రవాడు ట్రాన్స్‌మిటరును పెట్టెలో పెట్టి, చుట్టూ పడిన సన్‌బోర్డు ముక్కలను ఒక్కటి కూడా వదలక ఏరి సంచిలో వేసి, ఎప్పుడు వెళ్ళిపోయాడో మేము చూడలేదు. అతనిని ఓదార్చినవారు లేరు.

మరునాటి నుండి అతడు కళాశాలకు రాలేదు. వారం గడిచింది. జ్వరమేమో అనుకొన్నాము. రెండవ వారం కూడా గడిచిన తర్వాత మాకు లోలోపల కలుక్కుమన్నది. ఒక సాయంత్రం బస్సెక్కి వారి ఊరికి వెళ్ళాము. ఆ యేటి ఖరీఫ్‌కు వానలు ముఖం చాటేసినవి. దారి పొడుగునా వేరుసెనగ ఆకు ముడుచుకొని ఉన్నది. ఊడలు దిగవలసిన వేళకు నేల రాయివలె గట్టిపడి ఉన్నది.

అతని తండ్రి మాకు నులకమంచం వాల్చి కూర్చుండబెట్టాడు. తల్లి బొరుగులు, టీ పంపింది. కుర్రవాడు గుమ్మం చాటున నిలిచి ఉన్నాడు. కుశల ప్రశ్నలు ముగిసిన పిదప తండ్రి కొంచెంసేపు నేలచూపులు చూచి అడిగాడు:

"ఎంత కట్టల్ల సారూ?"

మాకు అర్థం కాలేదు.

"ఇమానం ఎనిమిది వేలంట గదా. వాడు చెప్పినాడు. ఈసారి పంట కతే సూస్తా ఉండారు. రెండు కంతులు చేసుకుంటే కట్టేస్తా. వాణ్ణి మాత్రం పరీక్షకు కూసోనియ్యండి సారూ."

పాఠకులారా! తరగతి గదిలో కరుణరసాన్ని గూర్చి గంటలకొలది ఉపన్యసించిన మాకు ఆ క్షణాన నోట మాట పెగల్లేదు. ఎనిమిది వేలలో ట్రాన్స్‌మిటరు క్షేమంగా ఉన్నది, బ్యాటరీ ఉన్నది, మోటారు ఉన్నది. పోయినవి ఒక సన్‌బోర్డు పలక, ఒక పంకా, ఒక సర్వో. మొత్తం మూడు వందల యాభై రూపాయలకు మించదు. ఈ సంగతి మాకు తెలుసు, భౌతికశాస్త్ర మిత్రులకు తెలుసు. నడిపిన పిల్లవానికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. అట్ట విమానం పడుటకే పుట్టిందనీ, పడిన ప్రతిసారీ అతికించుకొనుటయే ఈ విద్యలో సగభాగమనీ మొదటి దినమే చెప్పవలసింది. పడిన పంట మళ్ళీ లేవని ఇంట పుట్టినవానికి, విరిగినది అతుకునన్న మాట ఒకరు చెప్పనిదే ఎట్లు తెలుస్తుంది? విమానంలో కూర్చుని చూడమని వానికి వందసార్లు చెప్పిన మేము, వాని స్థానంలో కూర్చుని ఒక్కసారైనా చూడలేదు.

"కట్టవలసింది ఏమీ లేదు పెద్దాయనా. తప్పు మీ అబ్బాయిది కాదు. గాలి ఎక్కువగా ఉన్నది, వద్దని వాడు చెప్పాడు. మేమే వినలేదు" అన్నాము. తండ్రి మా ముఖంలోకి నమ్మీ నమ్మనట్లు చూచాడు. గుమ్మం చాటున ఉన్న కుర్రవాడు లోపలికి పోయి ఒక సంచి తెచ్చి మా ముందుంచాడు. అందులో చెరువు కట్ట మీద ఏరిన ముక్కలన్నీ ఉన్నవి. విరిగిన రెక్క అప్పటికే వెదురు పుల్లలు గుచ్చి, ఫెవికాల్‌తో అతికించి ఉన్నది. అతుకు మా చేతి అతుకుకన్న శుభ్రంగా ఉన్నది.

సోమవారం అతడు కళాశాలకు వచ్చాడు.

ఆ తరువాత మా బృందానికి రెండు నియమాలు ఏర్పడినవి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థి చేత మొదటి దినమే ఒక పాత విమానాన్ని ఎగురవేయించి, అది పడిన తర్వాత ఆ రాత్రికే అతికించి తెమ్మంటాము. అదే ప్రవేశ పరీక్ష. రెండవది, గాలిని గూర్చిన తుది నిర్ణయం ట్రాన్స్‌మిటరు పట్టినవానిదే. వాడు వద్దంటే అధ్యాపకుడు గాని, అతిథి గాని మారుపలుకరాదు. ఈ రెండవ నియమం వ్రాసేటప్పుడు మా చేయి కొంచెం వణికింది. కాని దాని ఫలం తరగతి గదిలో కూడా కనిపించింది. ఛందస్సు పాఠంలో మేము గణవిభజన తప్పు చేసిన ఒకనాడు మూడవ బల్ల నుండి ఒక విద్యార్థిని లేచి, "అక్కడ తప్పుంది సార్" అన్నది. ఆమె కూడా విమానాలు ఎగురవేసే పిల్లయే.

చెరువులో గొర్రెలు మేపుకొనే ఒక వృద్ధుడు మా ఆటలను దూరాన నిలిచి చూస్తుండేవాడు. ఒక ఉదయం దగ్గరకు వచ్చి అడిగాడు: "ఏమప్పా, ఇది వాన కురిపించే ఇమానమేనా?"

విద్యార్థులు నవ్వబోయి ఆగారు. ఆ ప్రశ్న వెనుక చరిత్ర ఉన్నది. 2003లో రాష్ట్ర ప్రభుత్వం మేఘమథనం ఆరంభించి, కొన్ని సంవత్సరాలు విమానాలతో ఈ సీమ మబ్బులలో రసాయనాలు చల్లించింది. అప్పుడు పల్లె పల్లెన జనం మిద్దెలెక్కి ఆ విమానాల కోసం చూచారు. తాత ఎరిగిన విమానం అదే.

"కాదు తాతా, ఇది ఉత్త ఆటబొమ్మ" అన్నాడు మా కుర్రవాడు.

వృద్ధుడు కొంతసేపు విమానం వైపే చూచాడు. అది గాలికి ఎదురుగా మెల్లగా దిగి, బంకమట్టి మీద జారి, మా కాళ్ళ దగ్గరకు వచ్చి ఆగింది. "పోన్లే. అవి పోయినవి పోయినట్టే పాయ. ఇది మీ కాడికి తిరిగొస్తాంది గదా" అని కర్ర ఊపుతూ గొర్రెల వెంట వెళ్ళిపోయాడు. విమాన విద్యకు అంతకన్న మంచి నిర్వచనం మేము ఏ గ్రంథంలోనూ చదువలేదు. ఎగురుట సగమే విద్య. తిరిగి వచ్చుట మిగిలిన సగం.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమావళిని కూడా విద్యార్థుల చేత చదివించాము. వినోదానికీ, విద్యకూ కంటిచూపు మేరలో ఎగురవేసే నమూనా విమానాలకు అందులో కొన్ని సడలింపులు ఉన్నవి. కాని ఎత్తునకూ, ప్రదేశానికీ హద్దులు ఉన్నవి. గ్రీన్ జోన్‌లో సైతం 120 మీటర్ల ఎత్తు దాటుటకు అనుమతి కావాలి. జనం తలల మీద విమానం త్రిప్పరాదన్నది మా సొంత హద్దు.

2022 అక్టోబరులో అనంతపురంలో కురిసిన భారీ వర్షాలు ఎవరికీ మరపునకు రావు. వంకలు పొంగి పట్టణంలోని కాలనీలు జలమయమైనవి. అనేక కుటుంబాలు కట్టుబట్టలతో మిగిలినవి. కరవు సీమకు వరద కూడా తెలియచెప్పిన ఆ రోజులలో మా విద్యార్థులు విమానాలు అటకెక్కించి అన్నం పొట్లాలు మోసినారు. నీళ్ళు తీసిన తర్వాత ఒక ఉదయం మేము అలవాటు చొప్పున చెరువు కట్ట ఎక్కాము. అప్పటికే అక్కడ ఒకరు నిలిచి ఉన్నారు. మా బోరు మోటారు కుర్రవాడు. డిగ్రీ ముగించి, పట్టణంలో మోటారు వైండింగ్ పనిలో కుదిరిన అతడు ఆదివారాలు మాత్రం తప్పక వచ్చేవాడు.

ఎదుట కట్ట నుండి కట్ట దాకా నీరు. మూడు రంగుల విమానం కొట్టుకొన్న రాళ్ళు మునిగినవి. దిగుటకు గుర్తుగా మేము పాతిన సున్నపు రాళ్ళు మునిగినవి. నీటిమీద రెండు కొంగలు వాలి ఉన్నవి. దిగేటప్పుడు అవి తోకలను విప్పుకొన్న తీరును మేమిద్దరము ఒక్కసారే గమనించాము.

"మన విమానాశ్రయం మునిగిపాయె సార్" అన్నాడు అతడు. ఆ మాట అంటూ నవ్వుతున్నాడు.

"మునగనీ నాయనా" అన్నాము.

ఇప్పుడు మేము పట్టణానికి మరొక దిక్కున, ఒక గుట్ట పక్కనున్న రాళ్ళ బీడులో, భూమిగలవారి అనుమతితో ఎగురవేస్తున్నాము. నేల ఎగుడుదిగుడు. విమానాలు మునుపటికన్న ఎక్కువగా విరుగుతున్నవి. ఫెవికాల్ ఖర్చు పెరిగింది. చెరువును తలచుకొని ఎవరూ చింతించుట లేదు. అది మరల ఎండి మాకు దక్కరాదనియే మా అందరి కోరిక.

విద్యార్థి సోదర సోదరీమణులారా! ఈ సంచికలో మీరు చదివే అనేక వ్యాసాలు ఎత్తులకు ఎదగమని మీకు ఉపదేశిస్తవి. అది ఉచితమే. మేము చెప్పదలచినది అంతకన్న చిన్న మాట. ఎగిరేముందు గుప్పెడు దుమ్ము వదలి గాలిని చూడండి. గాలి ఎక్కువగా ఉన్నదని మీకు తోస్తే, ఎదుట ఎవరున్నా ఆ మాట చెప్పండి. పడితే ముక్కలన్నీ ఏరుకొని రండి. మూడు వందల యాభై రూపాయల నష్టాన్ని ఎనిమిది వేలుగా లెక్కవేసుకొని ఇంట కూర్చుండవద్దు. రానివారి ఇంటికి రెండు వారాలు ఆలస్యంగా బస్సెక్కిన ఒక అధ్యాపకుని అనుభవం ఇది. అధ్యాపక మిత్రులు కూడా దీనిని చదువుతారని మా ఆశ.

ఆదివారం ఉదయం గుట్ట దగ్గర మా బండ, ఇసుక బక్కెట, ఒక పాత విమానం సిద్ధంగా ఉంటవి. పడవేయుటకు రండి.